గోడవైపు పళ్లెం

సూర్యాపేట బజారులో సైదయ్య పల్లికాయ కొనే దుకాణం ముందు బండి ఆపేటప్పుడు ఎడ్లు కూడా ఒకసారి వెనక్కి తిరిగి యజమాని మొహం చూసేవని చెప్పుకునేవారు. నిజమో కాదో గాని, యజమాని మొహంలో చూడాల్సినంత దిగులు మాత్రం ఉండేది.

ఆ దుకాణంలో దూలానికి ఒక పెద్ద తరాజు వేలాడేది. సైదయ్య తండ్రి నాటిది. దానికొక నియమం ఉంది. సరుకు ఎప్పుడూ గోడవైపు పళ్లెంలోనే పోయాలి. తూకంరాళ్లు వీధివైపు పళ్లెంలోనే పెట్టాలి.

"లచ్చిమి గోడదిక్కు కూసుంటది. సరుకు ఆమె ఒళ్లె పడాలె. ఇటుది అటు మారిస్తే లేచి పోతది" అనేవాడు సైదయ్య, ఎవరన్నా అడిగితే. అడిగినవాడు గోడకు ఒక దండం పెట్టి ఊరుకునేవాడు.

లక్ష్మి సంగతి అలా ఉంచితే, తరాజు అడ్డకమ్మీలో గోడవైపు దండె వీధివైపు దండె కంటే ఒక వేలి మందం పొట్టి. అందుకని అటు ఎంత పోసినా ఆ తరాజు ఇంకొంచెం పొయ్యమనేది. ఆ ఇంకొంచెంతో సైదయ్య ఇల్లు కట్టాడంటే అబద్ధం. కట్టిన ఇంటికి ఏటేటా సున్నం మాత్రం దాంతోనే పడేది.

అయితే ఇనుము కూడా మనిషి లాంటిదే, వయసు మీరితే బుద్ధి మారుతుంది. కొక్కేలు అరిగి తరాజు ఏడాదికోసారి న్యాయంగా బతుకుదామని చూసేది. పూర్వం ఊరూరా తిరిగే ఒక రిపేరువాడు వచ్చి దాన్ని మళ్లీ దారిలో పెట్టి పోయేవాడు. రజాకార్ల గడబిడలో ఎటుపోయాడో, మళ్లీ రాలేదు. ఇక మిగిలింది కోదాడలో సత్యానందం మేస్త్రీ ఒక్కడే. ఆయన దగ్గరికి తరాజు పంపితే నిటారుగా చేసి పంపుతాడని బజారంతా భయం.

యూనియన్ మిలిటరీ వచ్చిన మరుసటేడు సైదయ్య కొడుకు లక్ష్మయ్య మెట్రిక్ పాసయ్యాడు. వాడి మేనమామ పెంటయ్య మిర్యాలగూడెంలో బియ్యం వ్యాపారి. ఆ వార్త విన్న వెంటనే బండి కట్టించుకుని వచ్చాడు.

"పిలగాన్ని పట్నం కాలేజీల చేర్పియ్యాలె బావా. రేపు దఫ్తర్ల కుర్సీల కూసుంటడు" అన్నాడు పెంటయ్య, అన్నంలో నెయ్యి కలుపుకుంటూ.

"నిరుటిదాక ఆ కుర్సీలల్ల కూసున్నోళ్లు ఇప్పుడు ఏడున్నరు?" అన్నాడు సైదయ్య.

"ఆళ్లు పోయిండ్రు గనుకనే కుర్సీలు ఖాళీగున్నయి."

"వీడు చదివిందంత ఉర్దూల. ఇప్పుడు కాలేజీల ఇంగ్లీషుల చెప్తున్నరంట. నిన్నటి సిక్క ఇయ్యాల చెల్లకపోతే మల్ల మొదటికెంచి చదవాల్నా? గిట్ల సర్కారు మారినప్పుడల్ల చదువుతే వీడు తాత అయినంక పాసైతడు."

"అందుకే ముందుగాల నా కొడుకు గదిల ఉండి ఇంగ్లీషు నేర్చుకుంటడు."

పెంటయ్య కొడుకు అప్పటికే పట్నంలో చదువుతున్నాడు. ఏం చదువుతున్నాడో పెంటయ్యకు తెలియదు. నెయ్యి పంపమని రాసే ఉత్తరాలు మాత్రం మంచి దస్తూరీలో వచ్చేవి.

సైదయ్య ఇక తన బేరం బయటపెట్టాడు. "వీన్ని కోదాడల సత్యానందం మేస్త్రీ దగ్గర పెడ్త. తరాజులు బాగుజేసే పని. సర్కార్లు ఎన్ని మారినా తూకం ఆగదు."

గడప దగ్గర కూర్చున్న గోపమ్మ అప్పుడు నోరు తెరిచింది. ఆమె పెంటయ్యకు చెల్లెలు, సైదయ్యకు భార్య. రెండు పళ్లాల నడుమ ముల్లులా ఎప్పుడూ నిటారుగా కూర్చునేది. ఆ ఇంట్లో చివరి మాట ఆమెదే. ఆ సంగతి సైదయ్య బయట ఒప్పుకోడు.

"కోమట్లింట్ల పుట్టి కమ్మరి పని జేస్తడా నా కొడుకు?"

"జేసి అమ్మడు, నేర్చుకుంటడు" అన్నాడు సైదయ్య. "పని రావాలె. జేసెటోళ్లు వేరే దొరుకుతరు."

గోపమ్మ అన్న మొహం, మొగుని మొహం రెండూ చూసింది. "సరే. ఈ యేటి పల్లికాయ సీజను అయ్యేదాక సూస్త. ఆ పనితోని దుకాణానికి ఏమన్న ఒరిగితే ఉండనియ్యి. ఒరగకుంటే అన్న వచ్చి పట్నం తోల్కపోతడు. అప్పుడు ఎవ్వలు మాట్లాడొద్దు."

లక్ష్మయ్యను ఎవరూ అడగలేదు. వాడు పెళ్లికి కొన్న కొత్త కుండలా మూలన నిలబడి విన్నాడు. కాని సత్యానందం పేరు వినగానే వాడి కళ్లలో ఒక వెలుగు కనిపించిన మాట నిజం. చిన్నప్పుడు తరాజు ముల్లుతో ఆడి తండ్రి చేత తన్నులు తిన్నవాడు.

సైదయ్య మనసులో అసలు లెక్క వేరే. చక్కగా చేయడం వచ్చినవాడికి వంకరగా చేయడం రాకుండా ఉంటుందా? ఇంట్లోనే మేస్త్రీ ఉంటే తరాజు ఎప్పుడూ చెప్పినట్టు వింటుంది. బజారులో తక్కిన వ్యాపారుల తరాజులు కూడా చాటుగా తన గడపకే వస్తాయి.

బొగ్గుతో నడిచే బస్సెక్కి తండ్రీకొడుకులు కోదాడ పోయారు. చివ్వెంల దాటాక మిట్ట ఎక్కలేకపోతే అందరూ దిగి నెట్టారు. "సూసినవా, టిక్కెట్టు గొని మనమే తోస్తున్నం. కాలేజీ గూడ గిట్లనే ఉంటది" అన్నాడు సైదయ్య.

సత్యానందం మేస్త్రీ బెజవాడలో ఫిట్టరు పని నేర్చుకుని వచ్చిన మనిషి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో కూర్చుని ఏదో దండెను ఆకురాయితో రుద్దుతున్నాడు. లక్ష్మయ్య చేతులు ముందు చూశాడు, తర్వాత మొహం చూశాడు.

"నేర్పుతానండి. కాని మొదట కొన్నాళ్లు అంచులు రుద్దడమే. విసుగొస్తే వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను."

సైదయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మేస్త్రీ, సక్క జేసుడుతోని పాటు ఆ రెండో పని గూడ జర సూపియ్యి."

"ఏ రెండో పనండీ?"

"అదే. తరాజు జర ఇంటోళ్ల మాట ఇనేటట్టు."

"నేను వంకర తీయడమే నేర్పుతానండి. పెట్టడం నేర్పను" అన్నాడు మేస్త్రీ, ఆకురాయి ఆపకుండానే.

సైదయ్య లోలోపల నవ్వుకున్నాడు. బేరంలో మొదట లేదనడం ఆనవాయితీ. తనూ రోజూ అదే పని చేస్తాడు. మూడు లేదుల తర్వాత ఒక సరే వస్తుంది. కొడుకు ఇక్కడే ఉంటాడు గనుక ఆ సరే ఎప్పుడో ఒకప్పుడు వాడి చెవిన పడుతుంది. జన్మంతా బేరాలు చేసినవాడికి, నిజంగానే లేదనే మనిషి కూడా ఉంటాడని తోచకపోవడం వింతేం కాదు.

లక్ష్మయ్య దీపావళికి ఇంటికొచ్చాడు. అరచేతులు నల్లబడ్డాయి, మనిషి మాత్రం తేరుకున్నాడు. పండుగనాడు వ్యాపారులు తరాజుకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. అంతకు ముందురోజు వాడు దాన్ని కిందికి దించి, పొద్దంతా కూర్చుని కొట్టాడు, రుద్దాడు, కొక్కేలు మార్చాడు. సైదయ్య గల్లా దగ్గర కూర్చుని ఆ చప్పుడు విని మురిసిపోయాడు. నేర్చాడన్నమాట. ఏం చేశావని అడగలేదు. ఇలాంటివి అడగకపోవడమే మర్యాద. మరునాడు తరాజుకు కొబ్బరికాయ కొట్టి, రెండు పళ్లాలకూ హారతి ఇచ్చాడు. వాడు తిరిగి కోదాడ పోయాడు.

సీజను మొదలైంది. పెన్‌పహాడ్ నుంచి, నిడమనూరు నుంచి, తండాల నుంచి బండ్లు వచ్చాయి. సైదయ్య ఎప్పటిలాగే కొన్నాడు. కొన్న కాయను ఎండబెట్టించి, జల్లెడ పట్టించాడు. అప్పుడు దుకాణం వెనక మట్టి కుప్ప పడింది. మట్టి ఏటేటా పడేదే. ఈసారి కూడా అంతే పడింది. కాని ఏటా మట్టి పోయినా డబ్బిచ్చినంత కాయ మిగిలేది, ఈసారి చాలా తక్కువుంది.

ఆయన రెండోసారి జల్లించి తూచాడు. తరాజు వంక చూశాడు. ముల్లు నిటారుగా, బడి పిల్లవాడిలా నిలబడి ఉంది.

అప్పటికప్పుడు కోదాడ పోయాడు.

"ఏం జేసినవురా తరాజుకు?"

"సక్కగ జేసిన నాయినా."

"ఎవడు జెయ్యమన్నడు?"

"పండుగకు నీకు మంచిగుంటదని..." లక్ష్మయ్య తండ్రి మొహం చూసి మాట మింగాడు. "గోడదిక్కు దండె పొట్టిగున్నది. తాత నాటి సంది ఎవ్వలు సూడలేదేమో అనుకున్న."

సైదయ్యకు కొడుకు అమాయకుడో, తనకంటే పెద్ద వ్యాపారో ఆ క్షణంలో తేల్చుకోవడం చేతకాలేదు.

"మల్ల ఎప్పటి లెక్క జెయ్యి."

"అది పాత ఇనుము నాయినా. ఒకపారి దెబ్బలు తిన్నది. మల్ల సుత్తె తగిలితే నడుమకు పగుల్తది. గప్పుడు తరాజే ఉండది."

సత్యానందం తలెత్తకుండానే, "నిజమేనండి" అన్నాడు. మూడో లేదు కూడా అయిపోయింది. సరే మాత్రం రాలేదు.

ఇంటికి తిరిగొచ్చే దారంతా సైదయ్య ఆలోచించాడు. మర్నాడు తావుర్యా బండి వచ్చింది. తావుర్యా లంబాడీ రైతు, తండా మొత్తానికి బేరం మాట్లాడే మనిషి. సైదయ్య దుకాణానికి ఆయన తండ్రి కాలం నుంచి కాయ తెస్తున్నారు. సైదయ్య బస్తాలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, వేళ్ల సందున జార్చాడు.

"ఇంత మన్నేంది తావుర్యా?"

"ఎప్పుడు తెచ్చేదే సేటూ" అన్నాడు తావుర్యా, ఎంతో వినయంగా. "మేమేం ఎక్కువ తేలే."

సైదయ్యకు అప్పుడు లెక్క పూర్తిగా అర్థమైంది. తరాజు ఎంత కొరుకుతుందో తండాలో అందరికీ తెలుసు. దానికి సరిపడా మట్టి కలిపి తెస్తారు. ఏ వ్యాపారి దగ్గరికి పోయే బస్తాలో ఎంత కలపాలో వాళ్ల ఆడవాళ్లకు చేతి కొలత ఉంది. ఇన్నేళ్లుగా తను మోసం చేస్తున్నాననుకున్నాడు, వాళ్లు మోసం చేస్తున్నామనుకున్నారు, రెండూ కలిసి నికరంగా న్యాయమైన తూకమే జరిగింది. ఇప్పుడు ఒక పక్క నిజాయితీ వచ్చి పడేసరికి అంతా పాడైంది.

మట్టి కలపకండి, నా తరాజు ఇప్పుడు చక్కగా ఉందని చెప్పాలి. చెబితే, మరి ఇంతకుముందో అని అడుగుతారు. చెప్పకపోతే కాయ రేటుకు మట్టి కొనాలి. సీజను నష్టంతో ముగిస్తే గోపమ్మ మాట ప్రకారం కొడుకు పట్నం పోతాడు. చేతికొచ్చిన పని పోతుంది, తరాజు పోతుంది, బావ గెలుస్తాడు. ఈ మూడింటిలో ఏది ఎక్కువ బాధో సైదయ్య తేల్చుకోలేదు, కాని మూడోదానికి నిద్ర పట్టలేదు.

ఆఖరికి ఒక ఉపాయం తోచింది. తరాజుకు ఎర్ర రంగు వేయించాడు. గొలుసులు మార్పించాడు. "పాతదాన్ని తీసేసిన. గిది కొత్తది, కోదాడల నా కొడుకు జేసింది. సక్కటి తూకం. ఇగ మన్నుతోని పనిలేదు" అని బజారంతా చెప్పాడు. కొత్త తరాజుకు సాక్ష్యంగా నిలబడమని లక్ష్మయ్యను కూడా పిలిపించాడు.

సరిగ్గా ఆ రోజే పెంటయ్య దిగాడు. సీజను ముగుస్తోంది గనుక మేనల్లుణ్ని తీసుకుపోవడానికే వచ్చాడు. బండిలో ఒక బియ్యం బస్తా ఉంది. ఏటా చెల్లెలికి పుట్టింటి బియ్యం పంపడం ఆయన ఆనవాయితీ. దాన్ని తూచడం గోపమ్మ ఒప్పుకోదు. సైదయ్య ఒకసారి ఆమె గుడికి పోయినప్పుడు తూచాడు. తక్కువ వచ్చింది. తరాజు మామూలుగా కొరికేదానికంటే కొంచెం ఎక్కువే తక్కువ వచ్చింది. కాని అనడానికి లేదు. ఆ తరాజును సాక్ష్యానికి పిలిచే మొహం తనకు లేదు.

అప్పటికే దుకాణం ముందు తావుర్యా బండితో పాటు ఇంకో నాలుగైదు బండ్లు ఉన్నాయి. తావుర్యా తరాజు దగ్గరికి వచ్చి, ఎర్ర రంగు మీద వేలితో ఒకచోట నిమిరాడు.

"కొత్తదే సేటూ. ఒకపారి మా అయ్యకు కోపమొచ్చి గొడ్డలి మడమతోని కొట్టిండు గద, ఆ నొక్కు గూడ మంచిగ కొత్తగ జేసిండ్రు."

బండ్ల వాళ్లు నవ్వారు. సైదయ్య దగ్గాడు.

"ఇగ ఏమంటవ్?"

"నేనేమంట? తెలిసిన బరువేదన్న పెట్టి సూపియ్యి. తూకం సక్కగుంటే రేపటి బండ్లు మన్ను లేకుంట తెస్తం. లేకుంటే ఎప్పటి లెక్కనే."

"తెలిసిన బరువు నా దగ్గరున్నది" అన్నాడు పెంటయ్య. నలుగురిలో పెద్దరికం చూపించే అవకాశం ఆయన ఎప్పుడూ వదులుకోడు. "నా బియ్యం బస్తా పెట్టుండ్రి. మిర్యాలగూడెంల నా కండ్ల ముంగట తూసి కుట్టిచ్చిన. నిండు పల్లా బరువు. చిటికెడు తక్కువుండది."

లోపలి గడపలోంచి గోపమ్మ గొంతు వినిపించింది. "పుట్టింటి బియ్యం తూస్తరా ఎక్కడన్న?"

"తుయ్యనియ్యి చెల్లె. మనకేం భయం?"

సైదయ్య మాత్రం మనసులో లెక్క వేసుకున్నాడు. బస్తా సరిపోతే తరాజు గెలుస్తుంది. తగ్గితే, బావను దొంగ అనలేడు, తన తరాజు దొంగ కాదని నమ్మించలేడు. కాని ఇంతమంది చూస్తుండగా వద్దనడమంటే సగం ఒప్పుకున్నట్టే.

బస్తా గోడవైపు పళ్లెంలో పడింది. వీధివైపు రాళ్లు పెట్టారు. బస్తా మెల్లగా పైకి లేచి, అక్కడే తేలిగ్గా ఊగింది.

బండ్ల వాళ్లు మెడలు చాచి చూశారు. తర్వాత తావుర్యా నవ్వు మొదలుపెట్టాడు. "సేటూ, రంగు మారింది గాని దాని ఆకలి మారలే."

"నా బస్తానే కొరికిందా బావా నీ తరాజు?" పెంటయ్య నలుగురి వైపు తిరిగి చేతులు చాపాడు. "సూసినవా చెల్లె, నీ కొడుకు నేర్చుకున్న విద్య? ఇగ బట్టలు సదురు. పట్నం తోల్కపోత."

లక్ష్మయ్య అంతసేపూ తరాజు ముల్లునే చూస్తున్నాడు. ఇప్పుడు తండ్రి దగ్గరికి వచ్చాడు.

"నాయినా, పళ్లాలు మారుస్త."

అందరూ సైదయ్య వైపు చూశారు. రాళ్లు గోడవైపు, సరుకు వీధివైపు. ఆయన తండ్రి నాటి నుంచి ఒక్కసారి కూడా జరగని పని. మార్చినా బస్తా అంతే పైకి లేస్తే తరాజు చక్కగా ఉన్నట్టు, బస్తాలోనే తక్కువున్నట్టు. కాని మార్చడానికి ఒప్పుకుంటే, ఇన్నాళ్లూ ఎందుకు మార్చనివ్వలేదో బజారంతా తనకు తానే అర్థం చేసుకుంటుంది.

సైదయ్య మనసులో రెండు వైపులా పోశాడు. ఒక వైపు తండ్రి తాతల మాట, లక్ష్మి కథ, ఏటేటా ఇంటికి పడే సున్నం. ఇంకోవైపు కొడుకు. వాడి నల్లబడ్డ అరచేతులు, తరాజు ముల్లు తప్ప ఇంకేమీ చూడని ఆ చూపు. ఆయనకు కోపం కూడా వచ్చింది, ఎందుకంటే ఏది మొగ్గుతోందో తెలుస్తూనే ఉంది.

"మార్చు" అన్నాడు.

"మరి లచ్చిమి?" అన్నాడు తావుర్యా.

"ఎన్నేండ్లు ఒక్క తానె కూసుంటది. జర గాలికి రానియ్యి."

హమాలీలు బస్తాను వీధివైపు పళ్లెంలోకి మార్చారు. రాళ్లు గోడవైపు పెట్టారు. బస్తా మళ్లీ లేచింది. ఇందాక ఎంత లేచిందో అంతే. లక్ష్మయ్య చిన్న రాళ్లు ఒక్కొక్కటే తీసేస్తూ పోయాడు, రెండు పళ్లాలూ సమంగా నిలిచేదాకా. తర్వాత మళ్లీ ఇటుది అటు మార్చాడు. ముల్లు కదలలేదు.

"తరాజు సక్కగనే ఉన్నది" అన్నాడు వాడు. తక్కినది అనాల్సిన అవసరం లేదు, తీసేసిన రాళ్లు నేల మీద అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

గోపమ్మ గడప దాటి దుకాణంలోకి వచ్చింది. ఆమె బజారు మధ్యలోకి రావడం ఎవరూ చూసి ఎరగరు. నేల మీది రాళ్లు చూసింది. అన్నను చూసింది.

"ఎన్నేండ్ల సంది పంపుతున్నవు అన్నా?"

"మా తరాజుల నిండుగనే ఉండె చెల్లె" అన్నాడు పెంటయ్య. గొంతులో పెద్దరికం తగ్గింది. "మా తరాజే ఏమన్న..."

"కొనే తరాజా, అమ్మే తరాజా?" అని అడిగాడు సైదయ్య, ఎంతో మెత్తగా.

పెంటయ్య బండి వైపు తిరిగాడు. జవాబు గోపమ్మ చెప్పింది.

"అన్నా, నా కొడుకును తోల్కపోవుడుకే వచ్చినవు గద. తోల్కపో. పట్నం గాదు, మిర్యాలగూడెం. ముందుగాల నీ తరాజు సక్క జేస్తడు. ఆనక కోదాడ పోతడు. లక్ష్మయ్యా, నీ ఆకురాయి తెచ్చినవా?"

"తెచ్చిన అవ్వా."

"అయితే ఎక్కు బండి."

పెంటయ్య తిరుగు ప్రయాణంలో మేనల్లుడి పక్కన కూర్చుని ఏం మాట్లాడాడో తెలియదు. కాలేజీ మాట మాత్రం ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మరుసటేడు పుట్టింటి బియ్యం నిండు పల్లా వచ్చాయి. సైదయ్య వద్దంటున్నా గోపమ్మే తూపించింది.

బండి కదిలి పోయాక తావుర్యా తన బస్తాలు దించించాడు. సైదయ్య అలవాటు కొద్దీ చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు.

"గిందులున్న మన్ను మరి?"

"గిది ఇంతకుముందు కలిపింది. రేపటి బండ్లల్ల ఉండది. కాయకు పుట్టుకతోని అంటుకున్నది తప్ప." తావుర్యా తరాజు వంక, ఆ నొక్కు వంక ఇంకోసారి చూశాడు. "సేటూ, మా తండాకు గిసుంటిది ఒకటి జేసిస్తడా నీ కొడుకు? ఇంటి తాన్నే తూసుకొని వస్తం. బజారుల ఎవల తరాజు ఏమంటున్నదో మాకు ముందే తెలుస్తది."

సైదయ్య ఆలోచించాడు. తండాకొక తరాజు అంటే, పెన్‌పహాడ్‌కు ఒకటి కావాలంటుంది, నిడమనూరుకు ఒకటి కావాలంటుంది. అప్పుడు బజారులో తోటి వ్యాపారులెవరూ తనతో మాట్లాడరు. మాట్లాడకపోతే పోయేదేమిటో వేసి చూసుకున్నాడు. వాళ్ల మాటల బరువు ఆయనకు ముందే తెలుసు.

"జేస్తడు" అన్నాడు. "గొలుసులు మాత్రం ఇగ నేనే అమ్ముత, నా దుకాణంలనే కొనాలె."